దీపం ఆరితే మేలుకునే మామ

పోయిన నెల వై.ఎన్.హొసకోట బస్టాండు వెనకాల షామియానా వేసి ఆరోగ్య శిబిరం పెట్టారు. బీపీ చూస్తారు, కళ్లు చూస్తారు, వచ్చినవాళ్లకు చల్లటి మజ్జిగ ఇస్తారు అన్నారు. నేను మజ్జిగ కోసమే వెళ్లాను. బీపీ ఉందని చూడకుండానే తెలుసు, నాతో రెండు నిమిషాలు మాట్లాడిన ఎవరినడిగినా చెబుతారు.

డాక్టరు కుర్రవాడు. చక్కటి కన్నడంలో నిద్ర గురించి చెప్పాడు. చీకటి పడ్డాక మన తలలో ఒక పదార్థం ఊరుతుందట, దాని పేరు మెలటోనిన్. కంటి మీద వెలుతురు పడితే అది ఊరడం తగ్గిపోతుందట. నిద్ర ఒక్కటే కాదు, ఒంట్లో ఇంకా ఏవేవో పనులు దాన్ని చూసుకునే నడుస్తాయట. ఏళ్ల తరబడి రాత్రుళ్లు దీపాల కింద పనిచేసేవాళ్లకు కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువగా వస్తాయేమోనని పెద్ద పెద్దవాళ్లు పరీక్షలు చేసి చూస్తున్నారట. వాటిలో పెద్దపేగుకు వచ్చేది కూడా ఒకటని అన్నాడు.

పెద్దపేగు అనేసరికి నాకు కోళ్ల వాసన వచ్చింది. చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ వాసనే వస్తుంది. చెమ్మగిల్లిన వేరుశనగ పొట్టు, మేత బస్తాలు, బల్బు వేడికి మాడిన దుమ్ము. మనిషి ఆ తర్వాత వస్తాడు. పేరు రాయను. ఆయన మనవలు ఊళ్లోనే ఉన్నారు, నేను రాసేది వాళ్లకు ఇంతవరకు తెలియదు. మేమంతా ఆయన్ని షెడ్డు మామ అనేవాళ్లం.

అది తొంభైల మొదట్లో మాట. వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. బ్యాంకువాళ్లు కోళ్లు పెట్టుకోండి అన్నారు. మా ఆయన షెడ్డు కట్టించి, మేకు కొట్టిన చేత్తోనే మళ్లీ బోరు వేయించే మాటల్లో పడిపోయాడు. షెడ్డూ, వెయ్యి కోళ్లూ నా పాలబడ్డాయి. సరిగ్గా ఆ ఏడే పక్క ఊరు మంగళవాడలో మామ తన చివరి గొర్రెలు అమ్మేశాడు. మేపడానికి గడ్డి లేదు, గొర్రెలు లేకపోతే ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎవరో చెబితే భుజాన కంబళి వేసుకుని మా షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

కోడిపిల్లలు దిగిన రోజది. ఉంగరాల్లా కట్టిన తడికెల మధ్య, వేలాడే బల్బుల కింద, పసుపు ఆరబోసినట్టు వెయ్యి పిల్లలు. మామ చాలాసేపు చూశాడు.

"ఇన్ని పిల్లలకు తల్లి యాడమ్మా?" అన్నాడు.

నేను బల్బు చూపించాను.

"తల్లి బాగా ఎలుగుతాండాది. రాత్రికన్నా కండ్లు మూస్తాదా, ల్యాదా?"

"మూయదు మామా. మూస్తే పిల్లలు చస్తాయి."

నేను హాస్యానికి అనలేదు. కరెంటు పోతే పిల్లలు చలికి, భయానికి ఒక మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగునున్నవి ఊపిరాడక పోతాయి. ఆ రోజుల్లో కరెంటు చుట్టం లాంటిది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పదు. అందుకని ఒక మనిషి షెడ్డు లోపలే పడుకోవాలి. బల్బు ఆరగానే లేచి, పెట్రోమాక్స్ వెలిగించి, మూల కట్టిన పిల్లల్ని అరచేతులతో మెల్లగా విడదీసి పరచాలి.

పది రోజుల్లో మామకు అది అబ్బింది. బల్బు కింద గుర్రుపెట్టి నిద్రపోయేవాడు, బల్బు ఆరిన క్షణాన లేచి కూర్చునేవాడు. అగ్గిపెట్టె కోసం తడుముకోవడం కూడా ఉండేది కాదు. లోకమంతా దీపం ఆర్పి పడుకుంటే మామ దీపం ఆరితే లేస్తాడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. పండగకు ఇంటికి పంపితే తెల్లవారేసరికి ఎర్రటి కళ్లతో తిరిగొచ్చేవాడు. వాళ్ల ఇంట్లో కరెంటు లేదు. "ఇంటికొస్తే రాత్రంతా కూసోని ఉంటాడు, నేను పెండ్లి జేసుకున్నది మనిషినో గుడ్లగూబనో" అని వాళ్లావిడ నా దగ్గర నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేదాన్ని. మంచి పనివాడు దొరికాడని లోపల సంతోషంగా ఉండేది.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. పొద్దున గుడ్లు ఏరేటప్పుడు, అప్పుడే పెట్టిన వెచ్చటి గుడ్డు ఒకటి తీసి ముందు కుడి కన్ను మీద, తర్వాత ఎడమ కన్ను మీద ఆనించుకుని కాసేపు ఉంచుకునేవాడు. ఆ తర్వాతే ట్రేలో పెట్టేవాడు. ఎందుకు మామా అంటే "కండ్లు మండుతాంటాయిమ్మా, ఇది ఉప్పు కాపడం మాదిరి ఉంటాది" అనేవాడు. ఒక్క గుడ్డు తినేవాడు కాదు. మేపినవాడు మంద మీద నోరు పెట్టకూడదట. కోళ్లను పిలవడానికి కూడా గొర్రెల్ని అదిలించినట్టు నాలుకతో టక్కుమనిపించేవాడు, ఆ వెర్రి కోళ్లు నిజంగానే వచ్చేవి. షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూసి "ఒగటి తక్కువుండాది" అనేవాడు. వెతికితే మేత బస్తాల వెనక ఒకటి చచ్చి పడి ఉండేది. వెయ్యింటిలో ఒకటి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పిల్లలు పెద్దవైతే రాత్రంతా దీపం అక్కర్లేదు. గుడ్లు బాగా పెట్టాలంటే పగటి వెలుతురుతో కలిపి రోజుకు పదహారు గంటలు వెలుతురు ఉంటే చాలని పావగడ పశువుల డాక్టరు చెప్పాడు. కానీ మా కరెంటుకు గంటల లెక్క ఎవరు చెబుతారు? పైగా పదహారు మంచిదైతే ఇరవై నాలుగు ఇంకా మంచిది కదా అనుకున్నాను. మా వైపు తెలివి అలాగే ఉంటుంది, మడికి ఒక మూట ఎరువు చాలంటే రెండు చల్లి వస్తాం. స్విచ్చి ముట్టుకోవద్దని మామకు చెప్పాను. అలా చీకటి ఎరగని కోళ్లు పెద్దవైనా కరెంటు పోతే బెదిరి మూలకు గుంపు కట్టేవి, మామ లోపల పడుకోక తప్పేది కాదు.

"పదారే అన్నాడంట గదమ్మా డాక్టరు. మిగతా ఎనిమిది యాడికి పాయె?"

"కరెంటువాళ్లు తిన్నారు మామా."

నవ్వాడు. నవ్వి, "జీవానికి రాత్రి ఇయ్యల్లమ్మా. ఇయ్యకుంటే అది యాడో ఒక తావ రాబట్టుకుంటాది" అన్నాడు. కోళ్ల గురించే అన్నాడనుకున్నాను. కోళ్ల గురించే అన్నాడేమో కూడా.

ఇంకోసారి మంచం బయట వేసుకుంటానని అడిగాడు. కృత్తిక నక్షత్రాల గుంపును మా వైపు పిల్లలకోడి అంటారు. గొర్రెల కాపరులకు అదే గడియారం. "ఇరవై యేండ్లు ఆ కోడిని జూసి లేస్తిమ్మా. ఇప్పుడు వెయ్యి కోళ్ల నడుమ పండుకోని, ఆ కోడి ఎప్పుడు పొడస్తాదో ఎప్పుడు గూకుతాదో తెల్దు. గోడవతలనే ఏసుకుంటా, జంగపిల్లి అలికిడైనా ఇనపడతాది."

"బయట పడుకుంటే బల్బు ఆరింది నీకెట్లా తెలుస్తుంది మామా?"

మంచం లోపలే వేసుకున్నాడు. మళ్లీ అడగలేదు.

అడగకుండా ఒక పని మాత్రం చేశాడు. రెండో బ్యాచ్ పిల్లలు దిగినప్పుడు తలగుడ్డ కళ్లకు చుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయాడట. ఐదో రాత్రి బల్బు ఆరితే తెలియలేదు. తెల్లవారి నేను వెళ్లేసరికి చచ్చిన పిల్లల్ని గోడవారగా వరసలు పేర్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నలభై దాకా ఉన్నాయి. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది.

"నిద్రపోవడానికా నిన్ను ఇక్కడ పెట్టుకున్నది?" అన్నాను.

అలా అనకూడదని అప్పుడు తోచలేదు. నిజానికి నేను పెట్టుకున్నది అక్కడ పడుకోవడానికే కదా. మామ చేతిలోని తలగుడ్డ తలకు చుట్టుకుని లేచాడు. ఆ రోజు నుంచి ఆ గుడ్డ తల మీద నుంచి కళ్ల మీదికి దిగలేదు. ఆ ఐదు రాత్రులు తప్ప, మొత్తం ఆరేళ్లు, నాలుగు బ్యాచ్‌లు, ఆయన కనురెప్పల మీద బల్బు వెలుగుతూనే ఉంది.

ఇక అసలు సంగతి. నాలుగో బ్యాచ్ కోళ్లు గుడ్లకు వచ్చి బ్రహ్మాండంగా పెడుతున్నాయి. చుట్టుపక్కల షెడ్లలో ఎక్కడా అంత పెట్టడం లేదు. ఒకరోజు మామ మేత డబ్బా పట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఒక కోడికి రక్తం పడతాండాదిమ్మా."

కోళ్లకు రక్తపారుడు వస్తే షెడ్డు షెడ్డే తుడిచిపెట్టుకుపోతుంది. పరుగెత్తుకెళ్లి కోళ్ల కింద పరిచిన పొట్టంతా తిరగేశాను. ఎక్కడా మచ్చ కూడా లేదు.

"ఏ కోడి మామా? చూపించు."

"మూలకుండేదిమ్మా. ఇప్పుడు యాడో మందలో కలిసిపాయె."

వెయ్యింటిలో ఒకటి తక్కువైతే గడపలో నిలబడి చెప్పే మనిషి, రోగం కోడిని చూపించలేకపోయాడు. అక్కడే నాకు తెలియాల్సింది. తెలియలేదు, అది నిజం. కంగారులో ఉన్నాను.

"ఒక్క దానికే అయితే మందెందుకు? వేరు చేసి పెట్టు, సంతకు పంపిద్దాం" అన్నాను.

"అట్లనా" అని చిన్నగా నవ్వి మేత పోయడానికి వెళ్లిపోయాడు. నేను ముందుజాగ్రత్తకు కోళ్లన్నిటికీ తాగే నీళ్లలో మందు కలిపాను. కోళ్ల విషయంలో నేను చాలా జాగ్రత్త మనిషిని.

నెలన్నర తర్వాత మళ్లీ అన్నాడు. "ఆ కోడికి ఇంగా తగ్గల్యామ్మా."

ఈసారి నేను ఆయన మొహం చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా వేరెవరిదో తొడుక్కున్నట్టుంది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, కోళ్లు నీళ్లు తాగే డబ్బాల వైపు చూస్తున్నాడు. నాకు అర్థమైంది. మామ వరసైన మనిషి, కోడలి వరస ఆడదానితో తన విరేచనం సంగతి ఎలా చెబుతాడు? కోడి మీద పెట్టి చెప్పాడు. అంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. అర్థమైందని చూపిస్తే ఆయన్ని ఆస్పత్రికి పంపాలి. పంపితే ఎన్ని రోజులో తెలియదు. ఎండలు ముదిరాయి, కరెంటు మరీ అధ్వాన్నమైంది, కోళ్లు నిండుగా పెడుతున్నాయి. దీపం ఆరితే లేచే మనిషి ఊళ్లో ఇంకొకడు లేడు. అంత కొంచెంసేపట్లో ఇదంతా ఆలోచించావా అంటే, ఆలోచించాను. మనసుకు ఇలాంటి వాటికి పెద్దగా టైం పట్టదు.

"వేడి చేసి ఉంటుంది మామా దానికి. మజ్జిగ తాపు. ఈ బ్యాచ్ దాటనీ, పావగడకు తీసుకుపోయి డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

కోడికి మజ్జిగ ఎవరు తాపుతారు? అన్న నాకూ తెలుసు, విన్న ఆయనకూ తెలుసు. "సరేమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి రోజూ ఒక చెంబు మజ్జిగ షెడ్డుకు పంపాను. జీలకర్ర వేయించి పొడి కొట్టి కలిపి మరీ పంపాను. చెంబు కడిగి, బోర్లించి, గడప దగ్గర పెట్టేవాడు.

బ్యాచ్ దాటడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముసలి కోళ్లను వ్యాపారి లారీకి ఎక్కించిన వారానికి మామను పావగడకు, అక్కడి నుంచి బెంగళూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. పెద్దపేగులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. ముందే తెచ్చుంటే కోసి తీసేవాళ్లమన్నారట. వెంట వెళ్లిన మా ఆయన చొక్కా విప్పుతూ ఈ మాట చెప్పాడు. "ఆ మనిషి ఒక్క మాటైనా చెప్పకపాయె చూడు" అన్నాడు. నేను కంచంలో అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయాను.

శిబిరంలో ఆ కుర్ర డాక్టరు మాటలు అయిపోయాక లేచి నిలబడి అడిగింది అందుకే. ఆరేళ్లు రోజూ బల్బు కింద పడుకున్న మనిషికి పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా అన్నాను. ఆ బల్బే చేసిందని ఆ అబ్బాయి అంటే చాలనిపించింది. మెలటోనిన్ అనేది ఒకటుందని ఆ రోజుల్లో మాకు ఎవరు చెప్పారు? తెలియక చేసిన తప్పుకు దేవుడైనా కొంత తగ్గిస్తాడు. ఆ కాస్త తగ్గింపు కోసం డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ దాన్ని, అందరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అట్లా కచ్చితంగా చెప్పడానికి లేదవ్వా" అన్నాడు. "ఎలుకల్లో కొంత చూశారు, మనుషుల్లో ఇంకా తేలలేదు. ఒక్క మనిషికి దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ జబ్బులో చాలామందికి ముందు రక్తం పడుతుంది. ఆయనకు అలా పడినప్పుడు ఆస్పత్రికి వెళ్లారా?"

"లేదు."

"ఎందుకు వెళ్లలేదు? అప్పుడు వచ్చుంటే బతికే అవకాశం ఉండేది కదా."

"మజ్జిగ తాగాడు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. పాపం, వరసలో నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

మామను నేను చివరిసారి చూసింది ఆయన పోవడానికి పది రోజుల ముందు. వాళ్లావిడే కబురు పంపింది. "నొప్పి గూడా ఓర్చుకుంటాండాడమ్మా, నిద్దరే ల్యాదు. పొద్దు గూకితే చాలు, లేసి కూసుంటాడు" అంది. నూనె దీపం వెలుగు ఆయనకు చాలడం లేదట. షెడ్డులో ఉన్న పెట్రోమాక్స్ తుడిచి, కిరోసిన్ నింపి, మంగళవాడకు తీసుకెళ్లాను. చీకటి పడుతుండగా వెలిగించి ఆయన తలవైపు మేకుకు తగిలించాను. ఆ తెల్లటి వెలుగు మొహం మీద పడగానే రెప్పలు వాలిపోయాయి. చూస్తుండగానే గుర్రు పెట్టాడు. ఎన్ని దినాలకో అని వాళ్లావిడ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. నేను చేసిన మేలుకు ఆమె నా చేతులు పట్టుకుంటే నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆమె నీళ్లు తేవడానికి వెళ్లింది. గాలి తగ్గి పెట్రోమాక్స్ మెల్లగా ఎర్రబడి, కొండెక్కింది. పంపు కొట్టాలని నేను లేచేలోగా మామ లేచి కూర్చున్నాడు. కళ్లు ఇంకా పూర్తిగా తెరవలేదు. రెండు అరచేతులూ ముందుకు చాపి చాప మీద దేన్నో మెల్లగా విడదీస్తున్నాడు. ఇటు కొన్ని, అటు కొన్ని, నలిగిపోకుండా. ఆ చేతులు చూడలేక పట్టుకున్నాను.

"మామా, నేను. కోళ్లు లేవు. మీ ఇంట్లో ఉన్నావు."

చాలాసేపటికి నన్ను గుర్తుపట్టాడు. "నువ్వామ్మా" అని వెనక్కి ఒరిగాడు. మళ్లీ వెలుతురు వస్తే చెప్పలేనని నాకు తెలుసు. ఆ చీకట్లోనే చెప్పేశాను.

"మామా, అది కోడి కాదని నాకు అప్పుడే తెలుసు."

నిద్రపోయాడేమో అనుకున్నాను. నిద్రెలా పోతాడు, దీపం లేదు కదా.

"నీకు తెల్సని నాకు తెల్సమ్మా" అన్నాడు. "నీ మొగం జూసినా గదా."

నేను ఏడుస్తున్నాను. ఆయన తడుముకుంటూ నా చెయ్యి మీద రెండుసార్లు తట్టాడు.

"ఏం జేస్తాంలేమ్మా. అప్పుడు గుడ్లు బాగా పెడతాండె."

దెప్పిపొడవడానికి అన్న మాట కాదది. షెడ్డు బాగోగులు చూసే మనిషి షెడ్డు గురించి అన్న మాట. దెప్పి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని, ఈపాటికి మరిచిపోయి కూడా ఉండేదాన్ని.